గుర్తు వేరు, విలువ వేరు

ఈ వారం ఒక చిన్న లెక్క గురించి చెప్పుకుందాం. ఆ లెక్క తప్పుతుందేమోనన్న భయం 1990లలో ఎంతోమంది తెలుగువాళ్ళను అమెరికాకు చేర్చింది.

కీబోర్డు మీద 5 నొక్కితే కంప్యూటరుకు అందేది అయిదు అనే విలువ కాదు, 5 అనే గుర్తు. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పట్టికలో సున్నా గుర్తు 48వ సంఖ్య, తొమ్మిది గుర్తు 57. అంకెలన్నీ వరసగా ఉన్నాయి కాబట్టి 48 తీసేస్తే విలువ తేలుతుంది.

మరి 472 అని వరసగా మూడు గుర్తులు వస్తే? ముందు 4 తీసుకోవాలి. పదితో హెచ్చవేసి 7 కలిపితే 47. మళ్ళీ పదితో హెచ్చవేసి 2 కలిపితే 472. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఒకట్లు, పదులు, వందలే ఇవి! కెర్నిహాన్, రిచీ 1978లో వెలువరించిన సి భాష పుస్తకంలో ఈ పని చేసే చిన్న ఫంక్షన్ ఉంది. పేరు ఏటూఐ.

ఇంత సులువైన లెక్కకు భయమెందుకంటారా? పాత పంచ్ కార్డుకు 80 గళ్ళే ఉండేవి. చోటు కలిసొస్తుందని 1967ని 67 అని రాసుకునేవారు. కోబాల్ ప్రోగ్రాముల్లోనూ అదే అలవాటు కొనసాగింది. 2000 వచ్చేసరికి ఆ గళ్ళలో ఉండేది 00. సంఖ్యగా మారిస్తే సున్నా. అందులోంచి 65 తీసేస్తే, 1965లో పుట్టిన మనిషి వయసు మైనస్ 65! మార్చిన తీరులో తప్పు లేదు. రాయని శతాబ్దాన్ని ఏ యంత్రమూ చదవలేదు.

ఆ గళ్ళను వెతికి సరిచేయడానికి మనుషులు కావలసి వచ్చారు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న కుర్రాళ్ళు విమానమెక్కారు. సాఫ్ట్‌వేర్ పనికి గిరాకీ పెరగడంతో అమెరికా 1998లో చట్టం చేసి, ఏడాదికి 65,000గా ఉన్న హెచ్‌1బీ వీసాల పరిమితిని 1999, 2000 సంవత్సరాలకు 1,15,000 చేసింది.

అక్కడ గుర్తే లేదు. మన తెలుగు అంకెల కథ వేరు. గుర్తు ఉంది, చదివేవాడికి తెలియాలి. యూనికోడ్‌లో ౦ సంఖ్య 3174, ౯ సంఖ్య 3183. ఇవీ వరసగానే ఉన్నాయి. 48 బదులు 3174 తీసేస్తే చాలు. ౪౭౨ అని ఇస్తే పాత ఏటూఐ సున్నా అంటుంది. పైథాన్ 3 మాత్రం 472 అని సరిగ్గా చెబుతుంది.

యంత్రం నేర్చుకుంది. మన పిల్లలకూ ఆ పది గుర్తులు చూపిద్దాం.