వాహనానికి సిరామిక్ పూత: ఇంటి దగ్గర వేసుకునే పద్ధతి, దాని పూర్వాపరాలు

సిరామిక్ పూత అంటే కారు, జీపు, ఆటో, మోటారు సైకిలు వంటి వాహనాల రంగు మీద ద్రవంగా రాసి, గాలిలోని తేమతో గట్టిపడనిచ్చే పారదర్శకమైన పొర. సిరామిక్ అనే మాటకు మూలం గ్రీకులో కుమ్మరి మట్టికి ఉన్న పేరు. కుమ్మరి పని ఆవం లేనిదే ముగియదు. ఈ పూతకు మాత్రం ఆవమూ లేదు, మట్టీ లేదు. ఇందులో ఉన్నది ఇసుకకు మూలమైన సిలికా. ఒకసారి రాస్తే ఏర్పడే పొర మందం సాధారణంగా 1 నుంచి 2 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు నలభయ్యో వంతు. ఇంత పలుచని దానికి కవచమని పేరు పెట్టి అమ్మడం ఈ కాలపు వింత కాదు. లక్క నుంచి సిలికా దాకా పూతల చరిత్ర చూస్తే, ప్రతి తరంలోనూ కొత్తగా వచ్చినదాన్ని కవచమనే పిలిచారు. అది చేసిన పని మాత్రం వేరు: మురికినీ ఎండనూ తన మీదికి తీసుకుని, కింది రంగుకు బదులు తాను అరిగిపోవడం. సిరామిక్ పూత కూడా ఆ వరసలోదేనని, దాని విలువ గట్టిదనంలో కాక కడుగుడు సులువు కావడంలో ఉందని ఈ వ్యాసం వాదన. ఆ వాదనను పరీక్షించడానికి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు దాటి ముంచంగిపుట్టు వైపు వెళ్లే దారిలో ఉన్న పెదబయలు మంచి చోటు. పొగమంచు, పొడవాటి వానాకాలం, ఎర్రమట్టి, ఘాట్ రోడ్డు అన్నీ అక్కడ ఒకేచోట వాహనానికి ఎదురవుతాయి.

మన్యానికి పూతలు కొత్త కావు. కొండల అంచున, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను చక్రానికి బిగించి తిప్పుతూ లక్క బిళ్లను ఆనిస్తారు. ఒరిపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూతను విడిగా తయారుచేసి తర్వాత అంటించడం కాదు, చేతి ఒత్తిడీ వేడీ పూతలో భాగాలే అన్న సంగతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అయితే అదే లక్క ఎడ్లబండికి పనికిరాదు. నీరు నిలిస్తే తెల్లబారుతుంది, ఎండ వేడికి మెత్తబడుతుంది. బొమ్మ ఇంట్లో ఉంటుంది కాబట్టి నిలిచింది. కొండల్లో దొరికే రెండో పూత తేనెమైనం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుంచి కొనే అటవీ ఉత్పత్తుల్లో తేనె ముఖ్యమైనది, తేనె ఉన్నచోట మైనమూ ఉంటుంది. మైనం నీటిని విదిలిస్తుంది కానీ 62 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఎండలో నిలిపిన నల్లటి బానెట్ ఆ వేడిని సులభంగా అందుకుంటుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం 82 డిగ్రీలు దాటాక గానీ కరగదు. ప్రపంచమంతటా కారు పాలిష్‌లో దానికే పీట పడటానికి ఈ ఇరవై డిగ్రీల తేడా ఒక పెద్ద కారణం.

మోటారు వాహనాల తొలినాళ్లలో రంగే పూత, పూతే రంగు. గుర్రపు బగ్గీలకు వేసినట్టే నూనె వార్నిష్‌ను పొర మీద పొరగా కుంచెతో వేసేవారు. అంతా ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టీ కారు 1914 నుంచి 1925 దాకా ఒక్క నలుపులోనే రావడం తొందరగా ఆరే నల్ల వార్నిష్‌ను కొలిమి గదుల్లో ఆరబెట్టి పని వేగం పెంచుకోవడంతో ముడిపడిన సంగతి. 1920ల మధ్యలో డ్యుపాంట్ సంస్థ నైట్రోసెల్యులోజ్ రంగు డూకోను తెచ్చాక వారాల పని గంటల్లోకి దిగింది. ఆ పేరు మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందంటే, ఇప్పటికీ టింకరింగ్ షెడ్డులో ఏ కంపెనీ డబ్బా విప్పినా అది డూకో పెయింటే. డూకోకు ఒక బలహీనత ఉంది: కొన్నాళ్లకు పైభాగం సున్నంలా పొడిబారుతుంది, రుద్దితే మళ్లీ మెరుస్తుంది. రుద్దడం, మైనం పట్టించడం ఇంటి పనిగా మారింది అక్కడే. 1910లో అమెరికాలో మొదలైన సిమోనైజ్ వంటి పాలిష్‌లకు డూకో కాలంలో గిరాకీ పెరగడానికి కారణం కూడా ఇదే. 1940లో యూజీన్ రోషో సిలికోన్ల మూలపదార్థాన్ని చవకగా చేసే మార్గం కనిపెట్టాక మైనంలో సిలికోన్ నూనె కలిసింది. రుద్దే శ్రమ తగ్గింది, పెయింటర్‌కు మాత్రం తలనొప్పి మొదలైంది, ఎందుకంటే సిలికోన్ మిగిలిన రేకు మీద కొత్త రంగు అంటక గుంటలు పడుతుంది. 1970లు, 80లలో రంగు ఒక పొరగా, దాని మీద రంగులేని క్లియర్ కోట్ మరో పొరగా వేయడం ప్రచారంలోకి వచ్చింది. మెరుపు, రక్షణ రెండూ ఆ పై పొర వంతయ్యాయి. తర్వాత మన షోరూముల్లో కొన్నేళ్లు టెఫ్లాన్ కోటింగ్ రాజ్యమేలింది. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనానికి అంటించేటప్పుడు అలాంటి వేడిలోనే కాలుస్తారు. కారు రంగు ఆ వేడిని తట్టుకోలేదు. కనుక పాలిష్‌లో కలిపిన టెఫ్లాన్ పెనం మీద పొరలా రేకుకు అతుక్కోవడం జరగని పని, అందులో పనిచేసింది ఎక్కువగా పక్కనున్న మైనమూ సిలికోనూ.

సిలికా మార్గం వేరు. 1840ల మధ్యలో ఫ్రెంచి రసాయనవేత్త ఎబెల్మాన్ సిలికాన్ కలిగిన ఒక ద్రవాన్ని తేమగాలికి వదిలితే అది మెల్లగా గాజులా గట్టిపడటం గమనించాడు. నిప్పు లేకుండా గాజు! అప్పట్లో అది ప్రయోగశాల వింతగానే మిగిలింది. ఇరవయ్యో శతాబ్దంలో కటకాలకూ కిటికీ అద్దాలకూ పలుచని పొరలు వేయడానికి పనికొచ్చింది. ఇవాళ్టి చిన్న సీసాల్లో ఉండేది ఆ కుటుంబానికి చెందిన సిలేన్లు, సిలోక్సేన్లు, కొన్నిటిలో పాలీసిలజేన్లు. గాలిలోని నీటి అణువులు తగిలితే ఇవి ఒకదానికొకటి ముడిపడి, కింది క్లియర్ కోట్‌కు గట్టిగా పట్టుకుంటాయి. పాలీసిలజేన్ గట్టిపడేటప్పుడు అమ్మోనియా ఘాటు రావడం అందుకే. నీరు విదిలించే గుణాన్ని తామరాకుతో పోల్చడం ప్రకటనలకు అలవాటు. 1997లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త బార్ట్‌లోట్, నైన్‌హూస్‌తో కలిసి తామరాకు రహస్యాన్ని వివరించారు: ఆకు మీద కంటికి కనబడని బొడిపెలు, వాటి మీద మైనం, రెండూ కలిస్తేనే బొట్టు ముత్యంలా దొర్లుతుంది. పెదబయలు గెడ్డల ఒడ్డున చేమ ఆకు చేసేదీ అదే. కారు పూతకు బొడిపెలు ఉండవు. ఉంటే మెరుపు ఉండదు. అందుకే కారు మీద బొట్టు ఉబ్బుగా నిలబడుతుంది తప్ప ఆకు మీదలా పరుగెత్తదు. నిలిచిన బొట్టు ఎండకు ఆరితే అందులోని ఉప్పులు గుండ్రటి మచ్చగా మిగులుతాయి. బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే, పూత లేని కారు కంటే పూత ఉన్న కారు మీదే ఆ మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

గట్టిదనం మాటేమిటని అడగవచ్చు. సీసా మీద 9హెచ్ అని రాసి ఉంటుంది కదా. ఆ అంకె పెన్సిళ్ల పరీక్షది. 6బీ మెత్తని పెన్సిలు నుంచి 9హెచ్ గట్టి పెన్సిలు దాకా పూత మీద గీసి, ఏది గీత పెడుతుందో చూస్తారు. 9హెచ్ అంటే పెట్టెలోని ఆఖరి పెన్సిలు కూడా గీయలేకపోయిందని మాత్రమే, వజ్రానికి పది అని లెక్కపెట్టే ఖనిజాల కొలతలో తొమ్మిది అని కాదు. పైగా పెరుగు మీద పలుచని అద్దం పరిచినట్టు, రెండు మైక్రాన్ల పొర కింద మెత్తని క్లియర్ కోట్ ఉన్నప్పుడు ఒత్తిడి కిందికి దిగక మానదు. తూర్పు కనుమల ప్రధాన శిలకు అక్కడి ఖోండు తెగ పేరు మీదే ఖోండలైట్ అని పేరు వచ్చింది. అందులో స్ఫటికం, గోమేదిక జాతి గార్నెట్ ఉంటాయి. రెండూ ఖనిజాల కొలతలో ఏడుకు అటూ ఇటూ నిలిచేవి, గార్నెట్‌తోనైతే గరుకు కాగితాలే చేస్తారు. కొండవాలులో రేగే దుమ్ము బానెట్ మీద పడి ఉండగా పొడిగుడ్డతో తుడిస్తే, ఏ పూత ఉన్నా గీతలు పడతాయి.

అయితే ఈ పూత ఎందుకు, డబ్బా మైనం చాలదా? ఇక్కడే అసలు లాభం బయటపడుతుంది. గీతలు ఎక్కువగా పడేది రోడ్డు మీద కాదు, కడిగేటప్పుడు. అంటుకుపోయిన బురదను రుద్ది రుద్ది తీయడమే రంగుకు పెద్ద దెబ్బ. పూత మీద బురద పట్టు సడలి ఉంటుంది. ముందు నీళ్లు ధారగా పోస్తే చాలా మటుకు జారిపోతుంది, రుద్దాల్సింది తక్కువ మిగులుతుంది. మైనమూ ఇదే చేస్తుంది, కానీ సబ్బు నీళ్లకూ వేడికీ కొన్ని వారాల్లో పోతుంది. సిలికా పొర రసాయనికంగా అతుక్కున్నది కాబట్టి సబ్బుకు లొంగదు, జాగ్రత్తగా చూసుకుంటే ఏడాదికి పైగా నిలుస్తుంది. పక్షి రెట్టలు, పనస జిగురు, కాఫీ తోటల్లో నీడచెట్ల నుంచి రాలేవి రంగులోకి దిగకముందే తీసేయడానికి వ్యవధి దొరుకుతుంది. వానాకాలమంతా రోజూ బురదకొట్టుకుని వచ్చే జీపుకు వారానికోసారి మైనం పట్టించే ఓపిక ఎవరికీ ఉండదు. అదే అసలు పోలిక.

ఇది స్టూడియోలో నిపుణులు చేయాల్సిన పని, ఇంటి దగ్గర కుదరదు అన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజం. పనిలో తొంభై పాళ్లు పూతకు ముందరిదే: షాంపూతో కడగడం, బ్రేకుల నుంచి రాలి రంగులో గుచ్చుకున్న ఇనుప రేణువులను కరిగించే ద్రవం కొట్టడం, మిగిలిన గరుకును క్లే బార్‌తో తీయడం, సన్నని గీతలను పాలిష్‌తో సరిచేయడం, చివరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు ఆనవాలు లేకుండా చేయడం. ఏ గీత మిగిలితే దాన్నే పూత కప్పి భద్రపరుస్తుంది. తర్వాతి పని చేతిలో ఇమిడేది: గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడేచోట, మెత్తని గుడ్డ చుట్టిన చిన్న దిమ్మె మీద కొన్ని చుక్కలు వేసి, రెండు చేతుల వెడల్పు మేర అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాయాలి, ఇంద్రధనుస్సు ఛాయ కనిపించగానే మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తిడి లేకుండా తీసేయాలి. ఆలస్యమైతే నల్లని మరకలా గట్టిపడుతుంది, మళ్లీ సానపట్టాల్సిందే. 30 మిల్లీలీటర్ల సీసా ఒక చిన్న కారుకు సరిపోతుంది. వీటిలో ఏదీ స్టూడియోకే పరిమితమైన విద్య కాదు. స్టూడియోకు నిజంగా ఉన్న ఆధిక్యం పైకప్పు, దుమ్ము లేని గాలి, అదుపులో ఉన్న తేమ.

ఆ తేమ దగ్గరే పెదబయలు అడ్డం తిరుగుతుంది. పూతను గట్టిపరిచేదీ నీరే, చెడగొట్టేదీ నీరే. గాలి 20 డిగ్రీల వద్ద ఉండి తేమ 90 శాతం ఉంటే, రేకు మంచు బిందువైన 18.3 డిగ్రీలకు చల్లబడగానే దాని మీద మంచు బొట్టు కడుతుంది. ఉక్కు వంతెనలకు రంగు వేసేవారు రేకు ఉష్ణోగ్రత ఆ బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని నియమం పెట్టుకుంటారు. పొగమంచు ఉదయాన ఆ నియమం ఎలా చూసినా నెగ్గదు. తేమ 80 శాతానికి దిగితే బిందువు 16.4కు పడిపోతుంది, పని మొదలుపెట్టవచ్చు. కాబట్టి ఈ కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ ఆలోచనే వద్దు. శీతకాలంలోనైతే మంచు విడిచిన తర్వాత నుంచి మధ్యాహ్నం దాకా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీడపట్టున. రాసిన రాత్రి ఆరుబయట నిలపకూడదు, పొద్దుటికి మంచు కురిసి బొట్టుబొట్టుగా మచ్చలు పడతాయి. రేకుల షెడ్డు చాలు, కట్టెల పొయ్యి పొగ చేరనిదైతే. టార్పాలిన్ కప్పితే అది తగిలిన చోటల్లా అచ్చు పడుతుంది. కోస్తాలో ఇవే తేదీలు వర్తించవు. విశాఖలో అసలు చిక్కు ఉప్పుగాలి, ఎండ.

తుప్పు ఆపుతుందా అన్న ప్రశ్నకు సమాధానం చిన్నది: రంగు చెక్కుచెదరని చోట తుప్పు ఎలాగూ పట్టదు, చెదిరిన చోట ఈ పూత లేదు. లోహాల తుప్పుకు సంబంధించిన ఐఎస్ఓ 9223 ప్రమాణం తేమ 80 శాతం దాటి, వేడి సున్నా డిగ్రీల పైన ఉన్న గంటలను తడి గంటలుగా లెక్కపెడుతుంది. ఉప్పు లేకపోయినా తడి గంటలు మన్యంలో ఎక్కువ. ఆ తడి నిలిచేది బానెట్ మీద కాదు, చక్రాల వెనక మడ్‌గార్డు లోపల, ఛాసిస్ సందుల్లో, తలుపు కింది అంచుల్లో, బురద ముద్దలు ముద్దలుగా పేరుకున్న చోట. అక్కడికి కావలసింది అండర్ బాడీ కోటింగ్ అనే తారు లేదా రబ్బరు జాతి మందపు పొర, దాని ముందు నీటి ధారతో శుభ్రం. సర్వీసింగ్ షెడ్డుల్లో కింద పాత ఇంజన్ ఆయిలూ డీజిలూ కలిపి చిమ్మించే అలవాటు తుప్పును కొంత ఆపుతుంది గానీ రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది, నేలనూ గెడ్డనూ మురికి చేస్తుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే చాలితే అది కిందిభాగానికే పెట్టాలి. మెరుపు కంటికి కనిపిస్తుంది, ఛాసిస్ కనిపించదు; అందుకే ఈ మాట ఎవరూ వినరు.

మరొక లెక్క కూడా ఇంటి దగ్గర పనిచేసేవారికి అవసరం. ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం రమారమి 100 నుంచి 140 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ 40 నుంచి 50. ఎండ అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు ఉండేది ఆ పొరలోనే. పూతను తీయాలంటే సానపట్టడమే దారి; ప్రతిసారీ కొన్ని మైక్రాన్ల క్లియర్ కోట్ దానితో పాటు పోతుంది. ఏటేటా యంత్రంతో పాలిష్ పట్టి కొత్త పూత వేయించుకునేవారు రక్షించుకుంటున్నామనుకుంటూ రంగునే ఖర్చుపెడుతున్నారు. ఇక టింకరింగ్ షెడ్డులో డూకో వేసిన పాత జీపులకు క్లియర్ కోటే ఉండదు, రుద్దిన గుడ్డకు రంగు అంటుతుంది. వాటికి పాలిష్ యంత్రం ఆనించకుండా చేత్తోనే పని ముగించాలి. కొత్తగా రంగు వేయిస్తే లోపలి థిన్నర్ పూర్తిగా ఆవిరి కావడానికి నెల రోజులైనా ఆగి, ఆ తర్వాతే సీసా మూత తీయాలి.