జాజ్ వాద్యము నుండి దైవారాధనకు: మేరీ లూ విలియమ్స్ (1910–1981) సంగీత సేవ

ఉపోద్ఘాతము

లోకములో నేర్చిన విద్యను విశ్వాసి ఏమి చేయాలి? విడిచిపెట్టాలా, దేవుని సేవకు తేవాలా? సంఘ చరిత్రలో పదే పదే తలెత్తిన ప్రశ్న ఇది. అమెరికా నల్లజాతికి చెందిన పియానో విద్వాంసురాలు, స్వరకర్త మేరీ లూ విలియమ్స్ జీవితములో దీనికి దొరికిన జవాబును ఈ వ్యాసము పరిశీలిస్తుంది.

తొలి జీవితము

ఆమె 1910 మే 8న అట్లాంటాలో జన్మించి పిట్స్‌బర్గ్‌లో పెరిగారు. పసితనములోనే తల్లి ఒడిలో కూర్చుండి ఆర్గన్ మెట్లు నొక్కుట నేర్చుకున్నారు. 1930లలో కాన్సాస్ సిటీకి చెందిన ఆండీ కర్క్ వాద్యబృందమునకు పియానో వాయిస్తూ, ఆ బృందము వాయించు సంగీతమును కూడ ఆమే కూర్చేవారు. పురుషులే ఏలిన ఆ రంగములో ఇది అరుదైన స్థానము. 1945లో ‘జోడియాక్ సూట్’ అను కృతిని వెలువరించారు. థెలోనియస్ మంక్, డిజ్జీ గిల్లెస్పీ వంటి యువ కళాకారులు హార్లెమ్‌లోని ఆమె ఇంట చేరి నేర్చుకునేవారు.

మౌనకాలము

1952లో ఐరోపా వెళ్ళిన ఆమె, కీర్తి ఉండగానే 1954లో పారిస్‌లో కచేరీలు మానివేశారు. న్యూయార్క్ తిరిగి వచ్చి, హార్లెమ్‌లోని ఒక కతోలిక దేవాలయములో గంటల తరబడి ప్రార్థించేవారు. మత్తుమందులకు బానిసలైన సంగీతకారులను తన ఇంట చేర్చుకొని పోషించేవారు. 1957 మే నెలలో కతోలిక సంఘములో చేరారు.

ప్రార్థన, పరోపకారము చాలునని, సంగీతము ఇక అక్కరలేదని ఆమె తలంచారు. అయితే కొందరు గురువులు, మిత్రుడైన గిల్లెస్పీ ఆమెను మరల పియానో యొద్దకు మళ్ళించారు. ఆ ఏడాది జులైలోనే న్యూపోర్ట్ ఉత్సవములో ఆమె వాయించారు. 1958లో కష్టములోనున్న కళాకారుల కొరకు బెల్ కాంటో ఫౌండేషన్ స్థాపించి, దాని నిధుల కొరకు పాత వస్తువుల దుకాణము నడిపారు.

ఆరాధనలో జాజ్

పెరూ దేశపు మిశ్రమజాతి సన్యాసి మార్టిన్ డి పోరస్‌ను 1962లో కతోలిక సంఘము పునీతునిగా ప్రకటించినది. అదే సంవత్సరము ఆయన గౌరవార్థము ఆమె జాజ్ బాణీలో స్తుతిగీతము కూర్చారు. 1963లో రెండవ వాటికన్ మహాసభ ఆరాధనలో ఆయా ప్రజల సంగీత సంప్రదాయములకు చోటిచ్చినది. ఆ తరువాత ఆమె మూడు దివ్యపూజలకు సంగీతము కూర్చగా, ‘మేరీ లూస్ మాస్’ 1975లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్ కథీడ్రల్‌లో వినిపించినది.

క్లబ్బుల సంగీతము గుడిలోనికి ఎట్లు వచ్చును? జవాబుగా ఆమె ‘జాజ్ వృక్షము’ అను చిత్రమును చూపేవారు. దాని వేరు బాధ. ఆ వేరు నుండి లేచినవి బానిసలు పాడుకొనిన ఆత్మీయ గీతములు. కాబట్టి జాజ్ గుడికి పరాయిది కాదని, కన్నీటి ప్రార్థనలోనే పుట్టినదని ఆమె వాదము.

ముగింపు

1977 నుండి డ్యూక్ విశ్వవిద్యాలయములో బోధిస్తూ, 1981 మే 28న ఆమె కన్నుమూశారు. ఆమె మౌనకాలము వ్యర్థము కాలేదు. కీర్తి కొరకు వాయించిన చేతులు ఇతరుల కొరకు వాయించుట నేర్చినది అక్కడనే. ఆమె గురువులు ఆమె విద్యను నిందించలేదు, వదలివేయనివ్వలేదు. మన సంఘములోనికి వచ్చు కళాకారుని కాపరి మొదట అడుగవలసినది “ఏమి మానివేశావు?” అని కాదు, “దీనిని ఎవరి కొరకు వాడుదువు?” అని.