యంత్రము ముందు కూర్చున్న మనిషి

ప్రతి యుగాదికీ ఈ సంచికలో మన పెద్దలు కన్నడ దేశమునకు తరలివచ్చిన కథ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. కోలారు బంగారు గనుల ప్రస్తావన వచ్చినప్పుడు భూమి అడుగున రాయి తొలిచిన వారిని తలచుకొని కన్నీరు పెట్టుకొంటాము, అది న్యాయమే. గనులు నడిపిన జాన్ టేలరు కంపెనీ వారిని తిట్టుకొంటాము. అదీ కొంతవరకు న్యాయమే. అయితే పైన ఇంజను ఇంటిలో మీట పట్టుకొని కూర్చున్న మనిషి సంగతి వచ్చేసరికి మన ఇండ్లలో ఒకే మాట వినబడుతుంది: “వాడికేమి నాయనా, కూర్చున్న చోటనే జీతము!” ఈ మాటలో నిజమెంతో ఈసారి విచారించదలచినాము. మన పిల్లలలో అనేకులు నేడు విద్యుత్కేంద్రములలో, ఉక్కు కర్మాగారములలో, రసాయనముల ఫ్యాక్టరీలలో ఇటువంటి కుర్చీలలోనే కూర్చుంటున్నారు గనుక ఇది పాత గొడవ అని త్రోసివేయుటకు వీలులేదు.

జాన్ టేలరు అండ్ సన్సు వారు 1880లో ఈ గనులలో ప్రవేశించినారు. మైసూరు, చాంపియన్ రీఫు, ఊరుగాము, నందిదుర్గము అన్న నాలుగు గనులు పేరు పొందినవి. కూలీలలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుండి వచ్చిన తమిళులు. అయితే ఆ రోజులలో చిత్తూరు ప్రాంతము ఉత్తర ఆర్కాటులోనిదే. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడినది 1911లో. కాబట్టి ఆర్కాటు మనిషి అనగానే తమిళుడే అనుకొనరాదు. కోలారు సీమలోనైతే తెలుగు ఎవరూ మోసుకొని వచ్చినది కాదు, అంతకు ముందే ఉన్నది.

ఇక ఆ కుర్చీ సంగతి. గనిలోకి మనుషులు దిగేది, పైకి వచ్చేది కేజిలో. కేజి ఉక్కు తాడుకు వ్రేలాడుతుంది. ఆ తాడు ఇంజను ఇంటిలోని పెద్ద డ్రమ్ము మీద చుట్టుకొంటుంది. డ్రమ్మును త్రిప్పేవాడు వైండింగు ఇంజను డ్రైవరు. ఆయనకు కేజి కనబడదు, అందులోని మనుషులు కనబడరు, షాఫ్టు కూడ కనబడదు. కనబడేవి రెండే: లోతును చూపే ముల్లు, డ్రమ్ము మీద తెల్లగా గీచిన గుర్తులు. వినబడేది గంట. కదులుతున్న కేజికి ఒక గంట అంటే ఆగుమని. రెండు గంటలు దించుమని. మూడు గంటలు మనుషులు ఎక్కుతున్నారని. మూడు విన్న తరువాత ఆయన చెయ్యి మారిపోవలెను. రాయి ఎత్తునప్పటి వేగము మనుషులకు పనికిరాదు.

చూచేవారికి ఇది పెద్ద పని అనిపించదు. దీనిలో చిక్కు తాడు బరువు వద్ద ఉన్నది. వేల అడుగుల షాఫ్టులో తాడే కేజి కంటె బరువు. రెండు కేజీలు, ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతుంది. మొదట అడుగున ఉన్న కేజిని, దాని తాడంతటినీ ఇంజను లాగవలెను. నడిమికి వచ్చేసరికి రెండు తాళ్ళూ సమానము. నడిమి దాటిన తరువాత దిగే తాడు బరువెక్కి, అదే ఇంజనును లాగుకొని పోతుంది. అప్పుడు డ్రైవరు పని త్రిప్పుట నుండి పట్టి ఆపుటకు మారుతుంది. పైగా బరువుకు ఉక్కు తాడు కొన్ని అడుగులు సాగుతుంది. ఎంత సాగినదో లెక్కవేసుకొని కేజిని సరిగా వాకిటి అంచుకు తెచ్చి నిలుపవలెను. ఇది దినమునకు ఎన్ని సారులో! గని రెండు గంటలకు మించి ఆగి ఉంటే ముందు ఉత్త కేజిని ఒకసారి దించి, ఎత్తి, ఆ పిమ్మటనే మనుషులను ఎక్కించవలెనని నిబంధన. డ్రమ్ము తిరుగుచుండగా మీట వదలరాదు, ఎవరితోనూ మాటలాడరాదు. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించి లోతు పోయినది. అంత లోతుకు ఒక్క తాడు చాలదు గనుక భూమి లోపల మరల షాఫ్టులు, మరల ఇంజన్లు, మరల డ్రైవర్లు.

గనులకు కావేరి మీది శివసముద్రము నుండి కరెంటు వచ్చినది 1902లో, దివాను శేషాద్రి అయ్యరు వేయించిన ఏర్పాటు వలన. సుమారు 92 మైళ్ళ తీగ. ఆ కాలమునకు లోకమంతా విని ఆశ్చర్యపడిన దూరము. అంతకు ముందు కట్టెలతో, బొగ్గుతో నడిచిన ఆవిరి యంత్రముల చోట క్రమముగా విద్యుత్తు యంత్రములు వచ్చినవి. అప్పటి నుండి గని అడుగున ఉన్న మనిషి ప్రాణము ఇద్దరు అపరిచితుల చేతిలో పడినది: ఒకడు పైన డ్రైవరు, మరొకడు అంత దూరమున కావేరి ఒడ్డున స్విచ్చి బోర్డు ముందు కూర్చున్నవాడు. (బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. ముందు గనికి, తరువాత ఊరికి!)

జీతముల విషయము అంత శుభ్రమైనది కాదు. కంపెనీ కాలములో మెలకువ గల ఉద్యోగములు, అజమాయిషీ, చాలావరకు ఐరోపావారికీ ఆంగ్లో ఇండియనులకూ దక్కినవి. రాయి తొలుచుట, తట్ట మోయుట మన వంతు. ఆ పెద్ద జీతము పనిలోని మెలకువకా, ఒంటి రంగుకా అని కూలీలు అడిగిన ప్రశ్నకు ఆనాడు సమాధానము లేదు. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను తీసుకొన్నది. 1962లో అవి కేంద్రము చేతికి పోయినవి. అవే కుర్చీలలో మన దేశస్థులు కూర్చున్నారు. కేజీలు ఎప్పటివలెనే దిగినవి, ఎక్కినవి. దీనిని బట్టి మాకు తోచినది, జీతము కుర్చీకి చెందవలసినది. కూర్చున్నవాని రంగుకు అందులో భాగము లేదు.

“అయితే రాయి తొలిచినవానికి అంతకంటె ఎక్కువ ఇవ్వవద్దా?” అని మన పెద్దలు అడుగుతారు. గట్టి ప్రశ్నయే. తొలిచేవాని ఊపిరితిత్తులలో రాతి పొడి చేరి సిలికోసిసు పట్టినది. రాయి ఉన్నట్టుండి ప్రేలి మీద పడినది. ఇంజను ఇంటిలో పొడి లేదు, చీకటి లేదు. అపాయమే కొలత అయితే డ్రైవరు జీతము తగ్గించవలసినదే. కాని తొలిచేవాడు పొరపడితే తనకూ, ప్రక్కవానికీ దెబ్బ; డ్రైవరు ఒక్క నిమిషము పరధ్యానములో పడితే కేజినిండ మనుషులు. ఒకరికి తమ ఒంటికి కలిగే నష్టమునకు వెల కట్టవలెను, మరొకరికి ఇతరుల ప్రాణములకై పెట్టే జాగ్రత్తకు. ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచి, రెండవది ఎక్కువని మొదటిదానిని తగ్గించిన కంపెనీలే తప్పు చేసినవి. మా అభిప్రాయములో డ్రైవరుకు ఇచ్చినది ఎక్కువ కాదు. తొలిచినవానికి ఇచ్చినది తక్కువ.

పేరు ప్రతిష్ఠల సంగతి ఇంకా విచిత్రము. ఏమీ జరుగకపోతే ఊరకనే కూర్చున్నాడంటారు, ఏదైనా జరిగితే వాడే చేసినాడంటారు. ఇంగ్లండులోని మార్కుహాము గనిలో 1973 జూలై 30న 29 మందితో కేజి దిగుచున్నది. డ్రైవరు వేగము తగ్గించబోయినాడు, బ్రేకు పట్టలేదు. అత్యవసరపు మీట నొక్కినా ఫలితము లేకపోయినది. కేజి అడుగున పడి 18 మంది మరణించినారు. తరువాత విచారణలో తేలినది ఏమనగా, బ్రేకును పట్టి ఉంచే ఇనుప కడ్డీ వాడకములో అలసి, చిట్లి, ఆనాడు విరిగినది. డ్రైవరు తప్పు లేదు. విచారణ జరుగకపోతే ఆ మనిషి జీవితమంతా ఏ మాట పడి ఉండేవాడో ఊహించుకొనవచ్చును.

భోపాలు సంగతి మన దేశములోనిదే. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడు ఫ్యాక్టరీ నుండి విషవాయువు వెలువడినది. అసంతృప్తుడైన కూలీ ఒకడు కావలెనని చేసినాడని కంపెనీ వాదించినది. కాని విషద్రవమును చల్లగా ఉంచే యంత్రమును కొన్ని నెలల ముందే ఆపివేసినారు. ఆ విభాగములో మనుషులను ఖర్చు క్రింద తగ్గించినారు. గడియారములు, ముళ్ళు సరిగా చెప్పకపోవుట మామూలైపోయినందున అక్కడివారికి కండ్లు మండుటయే మొదటి హెచ్చరిక అయినది. పనివారిలో లోపములు లేవని మేము అనము. అయితే “కూర్చున్న చోటనే జీతము” అన్న లెక్క ఖాతా పుస్తకములోకి ఎక్కితే దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారో ఆ ఊరు చూచినది. మన ఇండ్లలో తేలికగా అనే మాటే యజమానుల నోట వచ్చినప్పుడు కుర్చీలు ఖాళీ అవుతవి.

కోలారు గనులు 2001లో మూతబడినవి. సుమారు 120 సంవత్సరములలో దాదాపు 800 టన్నుల బంగారము పైకి వచ్చినదని లెక్క. ఆ బంగారము ప్రతి తులమూ ఎవరో ఒకరు గంట విని, మీట త్రిప్పగా వచ్చినదే. గని మూసిన తరువాత నీరు తోడే పంపులు ఆగినవి. పగలూ రాత్రీ వాటిని కనిపెట్టుకొని ఉన్నవారి పేర్లు మనలో ఎవరికీ తెలియవు. ఇన్నేండ్లు నీరు ఎక్కడ నిలిచి ఉన్నదో కూడ తెలియదు. మనుషులు ఇండ్లకు పోయినారు, నీరు సొరంగములలోకి ఎక్కినది.

మన సభ్యుల కుటుంబములలో వైండింగు డ్రైవర్లుగా, పంపు చూచేవారుగా, కరెంటు స్టేషను మనుషులుగా పనిచేసినవారు ఉండి ఉంటారు. వారి సర్టిఫికెట్లు, జీతపు చీటీలు, డ్యూటీ పుస్తకములు పెట్టెల అడుగున ఉంటే చెదలకు వదలక కార్యదర్శి గారికి చూపవలసినదిగా కోరుచున్నాము. ఏ సంవత్సరము, ఏ షాఫ్టు, ఎంత జీతము అన్నది వ్రాసి ఇచ్చినా చాలును. వచ్చే యుగాది సంచికలో ప్రకటిస్తాము.