మిత్రునికి వ్రాసినట్లు తనకు

1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణమునుండి ఒక పెద్దమనిషి సపరివారముగా కాశీయాత్రకు బయలుదేరెను. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. ఆయన శ్రీశైలమును సేవించి, కృష్ణ దాటి, కొల్లాపురపు సంస్థానసీమలో ప్రవేశించి, పానుగల్లు, వనపర్తుల మీదుగా హైదరాబాదు చేరెను. మరల ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు 3వ తేదీ అయ్యెను. ఈ పదునైదు మాసములలోను ఆయన కలము విడువలేదు. ఏ మజిలీలో నీరు దొరకినది, ఏ దారి కాలినడకకు కష్టము, ఎచ్చట స్థానిక ప్రభువుల కలహములచే గ్రామములు పాడైనవి అను సంగతులనెల్ల వ్రాసి, తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించెను. 1838లో పిళ్ల ఆ వ్రాతలను కాశీయాత్రచరిత్రమను పేర అచ్చువేయించెను.

తెలుగున దినచర్యారచనకు ఇది ప్రాచీనమైన గొప్ప ఉదాహరణము. చరిత్రకారులు దీనిని ఆనాటి దేశస్థితికొరకు చదువుదురు. నేను నేడు మరియొక కారణముచే దీనిని పాఠకుల యెదుట ఉంచుచున్నాను. ఈ దినచర్య ఒక స్నేహితుని ఉద్దేశించి వ్రాయబడినది. స్నేహితునికి వ్రాయువాడు తన అలసటను దాచడు, దానికై తన్ను తాను తిట్టుకొనడు. జరిగినది జరిగినట్లు చెప్పి, మరునాటి మజిలీకి సాగును. మన పిల్లలకు కావలసిన విద్య ఇదియే.

దినచర్యలన్నియు ఈ తీరునవి కావు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీయగు ఆనందరంగపిళ్ల 1736 మొదలు 1761 వరకు తమిళమున వ్రాసిన దినచర్య వర్తకపు వార్తలతోను, రాచకార్యములతోను నిండినది. అమెరికాలో బెంజమిను ఫ్రాంక్లిను యౌవనమున పదుమూడు సద్గుణములు వ్రాసికొని, ఒక చిన్న పుస్తకమున వారమునకు ఏడు గడులు గీచి, తప్పిన ప్రతి గుణమునకు ఒక నల్లచుక్క పెట్టుచుండెనట. ఇందు మొదటిది లోకపు లెక్క, రెండవది నేరముల లెక్క. సంస్కారమును కోరిన మన ఇండ్లలో పిల్లలకు సామాన్యముగా నేర్పబడినది రెండవదియే. “ఈ దినము ఏమి తప్పు చేసితివో వ్రాయుము” అని తండ్రియు, ఉపాధ్యాయుడును చెప్పుదురు. “తప్పిన పిమ్మట నీతో నీవెట్లు మాటలాడితివి?” అని అడుగువారు లేరు.

ఈ ప్రశ్న చిన్నది కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు ప్రకటించినవి. మార్కుల లెక్కలోనే పొరపాట్లు జరిగినవని బయటపడి, తప్పినవారి సమాధానపత్రములను మరల పరిశీలింపవలసి వచ్చెను. ఇట్టి దుఃఖమునకు కారణము ఒక్కటి యని చెప్పరాదు. అయినను, కాగితముమీది ఒక అంకెను తన జన్మకే తీర్పుగా భావించు అలవాటు మన పిల్లలలో బలముగా నున్నదని ఒప్పుకొనక తప్పదు.

తన్ను తాను విచారించుకొనుటకును, తన్ను తాను హింసించుకొనుటకును గల భేదమును పూర్వులు ఎరుగకపోలేదు. రోమునగర తత్త్వవేత్త సెనెకా ప్రతిరాత్రి దీపము తీసివేసిన పిమ్మట ఆ దినపు నడవడినంతయు మనసున విమర్శించుకొనెడివాడు. ఏదియు దాచుకొనడు, అయినను మరల అట్లు చేయవలదని హెచ్చరించుకొని, ఆ పర్యాయమునకు తన్ను తాను క్షమించుకొనెడివాడు. విచారణ చేయువాడే క్షమించువాడును కావలెనన్న ధర్మము ఇందు కలదు.

మనకాలపు శాస్త్రజ్ఞులు ఈ మార్గమునే పరీక్షించి చూచిరి. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకరు, శాండ్రా బీలు అనువారు 46 మంది కళాశాల విద్యార్థులచేత నాలుగు దినములు వరుసగా, దినమునకు పావుగంట చొప్పున వ్రాయించిరి. తమకు తగిలిన పెద్ద దుఃఖమును, ఏమి జరిగెనో, తామేమి అనుభవించిరో రెండును కలిపి వ్రాసినవారు, ఆ తరువాతి ఆరు నెలలలో వైద్యునికొరకు తక్కువసార్లు పోయిరి. వ్రాసిన వెంటనే మాత్రము వారి మనసు మరింత బరువెక్కెను. పుండును కడుగునప్పుడు మంట పుట్టుట సహజమే గదా.

2003లో క్రిస్టిను నెఫ్ అను మనస్తత్త్వవేత్త తనయెడల తనకుండవలసిన దయకు మూడంగములు చెప్పెను. తన్ను పరుషముగా తీర్పు తీర్చక మృదువుగా చూచుకొనుట మొదటిది. ఈ లోపము తనకొక్కనికే కాదు, మనుష్యులందరికిని కలదని తెలిసికొనుట రెండవది. బాధను పెంచకయు, త్రుంచకయు ఉన్నదానిని ఉన్నట్లు గమనించుట మూడవది. 2010లో షపీరా, మోంగ్రెయిన్ అనువారు జరిపిన పరిశోధనలో, తమకు తామే దయతో వారము దినములు లేఖలు వ్రాసికొన్నవారికి దిగులు తగ్గి, ఆ మేలు మూడు నెలలవరకు నిలిచెను.

ఇచ్చట పెద్దలు ఒక ఆక్షేపణ తెత్తురు: “తన్ను తాను క్షమించుకొనుట నేర్చిన పిల్లవాడు సోమరి కాడా?” ఈ శంక న్యాయమైనదే. కాని 2012లో బ్రైన్స్, చెన్ అనువారు ఒక పరీక్షలో తప్పిన విద్యార్థులలో కొందరిచేత తమ వైఫల్యమును దయతో తలపోయజేసిరి. వారు రెండవ పరీక్షకు తక్కినవారికంటె ఎక్కువసేపు చదివిరి. కొరడాకు జడిసినవాడు పుస్తకమును చూచుటకే భయపడును. ఓదార్పు పొందినవాడు మరల తెరచును.

కొల్లాపురమున ఒక బాలిక గణితమున తప్పెననుకొందము. రాత్రి ఆమె నోటుపుస్తకమున “నేను మొద్దును, దేనికీ పనికిరాను” అని వ్రాసినచో అది నల్లచుక్క. దాని క్రిందనే మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయవచ్చును. నిజముగా ఏమి జరిగినది? “త్రికోణమితి లెక్కలు రెండు తప్పినవి, కడపటి లెక్కకు వేళ చాలలేదు.” ఇది నాకొక్కతెకేనా? “తరగతిలో ఇంకను పలువురున్నారు.” నా నేస్తమే తప్పియుండినచో ఆమెకేమి చెప్పుదును? ఈ మూడవ జవాబు వ్రాయునప్పుడు కలము తనంతట మెత్తబడును. నేస్తమును మొద్దు అనుటకు ఎవరికి నోరు వచ్చును? “ఏడవకు, రేపు కూర్చుని చేద్దాం” అని వ్రాయును. ఆ మాట తనకే చెప్పుకొన్నచో చాలును.

ఈ వ్రాతకు మన పత్రికాభాష పనికిరాదు. వీరాస్వామయ్య సైతము వ్యాకరణమునకు వెరవక నోటిమాటకు దగ్గరగా వ్రాసెను. పాలమూరు బిడ్డ పాలమూరు మాటలోనే వ్రాసికొనవలెను. మనసు ఆ మాటలోనే నొచ్చుకొనును, ఆ మాటలోనే ఊరడిల్లును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలకు నోటుపుస్తకము కొనియిండు. దానిని తెరచి చూడకుడు. చూచెదరను భయమున్నచోట పిల్లలు మీకొరకు వ్రాయుదురేగాని తమకొరకు వ్రాసికొనరు. అయితే కాగితమే సర్వమును మోయజాలదు. బిడ్డ తిండి నిద్రలు మానినను, బ్రతుకుమీద విసుగు మాటలాడినను, ఏమని నెమ్మదిగా అడిగి తెలిసికొని, వైద్యుని చూపవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడుదురు.

కృష్ణ దాటి కొల్లాపురపు సీమను త్రొక్కిన ఆ యాత్రికునికి చెన్నపట్టణమున ఒక మిత్రుడుండెను. దారి ఎంత కష్టమైనను చెప్పుకొనుటకు ఒక చెవి ఉన్నదన్న ధైర్యముతో ఆయన కాశీ చేరి మరలివచ్చెను. అట్టి మిత్రుడు ప్రతి బిడ్డకును దొరకునని చెప్పలేము. కాని తనకు తాను అట్టి మిత్రుడగుట నేర్వవచ్చును. దానికి కావలసినది ఒక నోటుపుస్తకము, దినమునకు పావుగంట, దాపరికమును గౌరవించు ఒక ఇల్లు. మొదటి రెండును చవుకగా దొరకును. మూడవది మనచేతిలో నున్నది.