ఒక రైల్వే పట్నం తన చరిత్రను దాచుకోవాలంటే

హౌరా వెళ్లే రైలెక్కిన తెలుగువాళ్లలో ఖరగ్‌పూర్ చూడనివారు అరుదు. చాలాకాలం పాటు జనరల్ నాలెడ్జి పుస్తకాలలో ‘ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఏది?’ అన్న ప్రశ్నకు జవాబు ఈ ఊరే. దాని పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటిపోయాయి. రికార్డులు అలా చేతులు మారుతూనే ఉంటాయి. కాని ఆ ప్లాట్‌ఫారం మీద తెలుగు మాట ఎందుకు వినిపిస్తుందన్న ప్రశ్న మాత్రం ఏ జనరల్ నాలెడ్జి పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

జవాబు రైలు పట్టాల వెంటే దొరుకుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్., ఆ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను జంక్షనుగా ఎంచుకొని, అక్కడే పెద్ద వర్క్‌షాప్ కట్టడం మొదలుపెట్టింది. ఇటు బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పుకోస్తా రైలుమార్గం 1893-96 మధ్య పూర్తయింది. 1902లో దాని ఉత్తర భాగం బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. దాంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికోసం బయలుదేరినవారికి దారి దొరికింది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా వెళ్లినవారు అక్కడే కాపురాలు పెట్టారు. 1928లో ఉద్యోగాలు పోగొట్టుకున్న బి.ఎన్.ఆర్. కార్మికుల తరఫున సమ్మె నడిపించిన వి.వి. గిరి కూడా తెలుగువాడే. తర్వాత ఆయన మన రాష్ట్రపతి అయ్యారు.

మరి ఈ కథ చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఖరగ్‌పూర్‌లో ఒక మ్యూజియం ఉంది. ఐ.ఐ.టి. ఆవరణలోని హిజిలీ షహీద్ భవన్‌లో 1990లో నెలకొల్పిన నెహ్రూ సైన్సు, టెక్నాలజీ మ్యూజియం అది. ఆ భవనానిది చిత్రమైన చరిత్ర. కొత్తగా ఏర్పరచాలనుకున్న ఒక జిల్లాకు కచేరీగా కట్టారు. జిల్లా ఏర్పడలేదు. 1930లో దాన్ని రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరంగా మార్చారు. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త చనిపోయారు. రెండో ప్రపంచయుద్ధంలో అదే భవనం అమెరికన్ బాంబర్ దళానికి కార్యస్థానమయింది. 1950లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. అక్కడికి చేరింది. నేడు ఆ మ్యూజియంలో సాంకేతిక నమూనాలున్నాయి, తోటలో ఒక ఆవిరి యంత్రమూ ఒక హంటర్ విమానమూ ఉన్నాయి, సంస్థకూ మేదినీపూర్ జిల్లాకూ చెందిన కాగితాలు దాచిన గది ఉంది. భవనం నిలిచింది కనుక కథ నిలిచింది.

వర్క్‌షాప్ కార్మికునికి ఆ సౌకర్యం లేదు. అతని ఇల్లు అతనిది కాదు, రైల్వే క్వార్టరు. రిటైరైన కొద్ది నెలలలో ఖాళీ చేసి తీరాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో రైల్వే పట్నాల చరిత్ర అంతా ఇక్కడే జారిపోతోంది. పల్లెటూరి ఇంట్లో మూడు తరాల సామాను అటక మీద పడి ఉంటుంది. క్వార్టరు అటక ముప్ఫయి అయిదేళ్లకొకసారి తప్పనిసరిగా దులుపుతారు. సిగ్నల్ లాంతరు, ఇత్తడి టోకెన్ బిళ్ల, యూనియన్ చందా రశీదులు, ఊరినుంచి వచ్చిన కార్డులు - వీటిలో ఇత్తడి తూకానికి వెళుతుంది, కాగితం చిత్తుకు వెళుతుంది. ఇంజన్ల సంగతి పెద్ద సంస్థలు చూసుకుంటాయి. బి.ఎన్.ఆర్. నడిపిన బ్రహ్మాండమైన గారట్ ఇంజన్లలో ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో భద్రంగా ఉంది. అలాంటి ఇంజన్ల పొయ్యిలోకి బొగ్గు ఎగదోసిన పార ఎవరింట్లో ఉందో చెప్పగలవారెవరు?

ఒకసారి ఒక బంధువుల ఇంట్లో పాత గ్రూపు ఫొటో చూశాను. వరుసగా నలభై మంది, వెనక షెడ్డు. ముందు వరుసలో కూర్చున్న ఒక్కరిని మాత్రం గుర్తుపట్టి, ‘ఈయన మా తాతగారు’ అన్నారు ఇంటివారు. మిగిలిన ముప్ఫై తొమ్మిది మంది ఎవరు? ఫొటో వెనక ఒక్క అక్షరం లేదు. చెప్పగల పెద్దావిడ అంతకు రెండేళ్ల క్రితమే పోయారట. ఫొటో చెక్కుచెదరలేదు, చరిత్ర మాత్రం పోయింది.

అందుకే చిన్న మ్యూజియం పెట్టాలనుకునేవారు మొదట కొనవలసింది అద్దాల బీరువా కాదు, గట్టి అట్టగల రిజిస్టరు. వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక అంకె వేయాలి. వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది అది ఎన్నో దానం, అందులో ఎన్నో వస్తువు - ఈ మూడూ చుక్కలతో కలిపి రాయడం ప్రపంచమంతటా చాలా మ్యూజియంలు పాటించే పద్ధతి. ఎవరిచ్చారు, ఎవరు వాడారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి పక్కనే రాయాలి. వస్తువు మీద అంకెను నేరుగా రాయకూడదు. మరక పడని చోట పారదర్శకమైన వార్నిష్ సన్నగా పూసి, ఆరాక దానిపై రాస్తే, అవసరమైతే ద్రావణితో తుడిచేయవచ్చు. ఇంకో జాగ్రత్త. వస్తువు ఇచ్చినట్టా, చూపించడానికి అరువిచ్చినట్టా? ఆ రోజే కాగితం మీద రాసి సంతకం పెట్టించాలి. దాత పోయాక అతని కొడుకులు వచ్చి అడిగినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

వస్తువు కూడా కొంత చెబుతుంది, అడగడం తెలిస్తే. లాంతరు మీద బి.ఎన్.ఆర్. అన్న అక్షరాలుంటే అది 1952 ఏప్రిల్‌కు ముందు తయారైందనుకోవచ్చు. ఆ నెలలో బి.ఎన్.ఆర్. తూర్పు రైల్వేలో కలిసిపోయింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే వేరుపడింది కనుక ఆ పేరు కనిపిస్తే లాంతరు ఆ తర్వాతిది. అయితే ఇది తయారీ కాలాన్ని చెబుతుందే గాని వాడిన కాలాన్ని కాదు. బి.ఎన్.ఆర్. లాంతరును 1970లో పట్టుకున్న మనిషి ఉండవచ్చు. ఆ సంగతి రిజిస్టరు చెప్పాలి.

ఇక భద్రపరచడం. ఇక్కడ మీరు చదివే రసాయనశాస్త్రం అక్కరకొస్తుంది. మన ఇళ్లలో ఇత్తడిని చింతపండుతో తోముతారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడును కరిగిస్తుంది. లోపలి లోహం బయటపడి మెరుస్తుంది. కొత్త పొర మళ్లీ ఏర్పడుతుంది, పండక్కి మళ్లీ తోముతారు. ప్రతిసారీ రవ్వంత ఇత్తడి పోతుంది. టోకెన్ బిళ్ల మీద అచ్చొత్తిన కార్మికుని నంబరు ముందుగా అరిగిపోతుంది. మ్యూజియంలో మెరుపు కన్నా నంబరు ముఖ్యం. తుప్పు పట్టిన ఇనుముకు వెండిరంగు వేసేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. వదులుగా ఉన్న తుప్పును కుంచెతో దులిపి, టానిక్ ఆమ్ల ద్రావణం పూస్తే, తుప్పు నలుపు-నీలం ఐరన్ టానేట్‌గా మారి కొంత రక్షణ ఇస్తుంది. పైన మైనం రాస్తే చాలు.

కాగితానికి పెద్ద శత్రువు వానాకాలపు గాలి. వెచ్చని గాలి ఎక్కువ నీటిఆవిరిని పట్టి ఉంచగలదు. రాత్రి గాలి చల్లబడితే అదే ఆవిరికి సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది. అది 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిచిందంటే బూజుకు పండగే. బయటి గోడకు ఆనించిన ఇనప బీరువాలో ఈ బెడద మరీ ఎక్కువ. బీరువాను గోడకు జానెడు దూరం జరపడానికి పైసా ఖర్చు లేదు. పాత ఫొటోలకు లామినేషన్ చేయించవద్దు, చిరిగిన రశీదులకు సెల్లోటేపు అంటించవద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు మరకగా కాగితంలోకి ఇంకిపోతుంది.

భవనం లేకుండా మ్యూజియమా అని మీరడగవచ్చు. ఫ్రాన్సులో లె క్రూజో అని ఒక ఊరుంది. ష్నైడర్ కంపెనీ అక్కడ రైలింజన్లు, ఉక్కు తయారుచేసేది. ఒక రకంగా ఖరగ్‌పూర్‌కు అన్నగారు. 1970ల మొదటి భాగంలో అక్కడ ఒక కొత్తరకం మ్యూజియం పుట్టింది. ఊరు ఊరంతా మ్యూజియమే, ఇళ్లలోని వస్తువులు ఇళ్లలోనే ఉన్నా ఫరవాలేదు, అవి ఏవో ఎక్కడున్నాయో అందరికీ తెలియాలి అన్నది దాని సూత్రం.

మన దగ్గరా ఇందుకు పోలిక ఉంది. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకానికి 900 ఏళ్లు నిండిన సందర్భమది. మండలి ఆ సంవత్సరం ఒక ప్రత్యేక సంచిక తెచ్చింది. 1926 నుంచి త్రైమాసిక పత్రిక నడిపింది. శాసనాలు, నాణేలు, రాగిరేకుల వివరాలు అందులో అచ్చయ్యాయి. మండలిలో ముఖ్యుడైన రాళ్లబండి సుబ్బారావు పేరుతో గోదావరి గట్టున ప్రభుత్వ మ్యూజియం వెలసింది 1967లో. అంటే ముందు వివరం, నలభై అయిదేళ్ల తర్వాత భవనం. వరుస తిరగబడి, ప్రారంభోత్సవపు శిలాఫలకం ఒక్కటే మిగిలిన మ్యూజియంలు కూడా నేను చూశాను.

సంఘంగా రిజిస్టరు కావడానికి పశ్చిమ బెంగాల్‌లో 1961 నాటి చట్టం ప్రకారం ఏడుగురు చాలు. ఒకరు లెక్కలు రాయాలి, ఒకరు రిజిస్టరు రాయాలి. ఆ రెండూ ఒకే మనిషి మీద పడితే ఆ మనిషి బదిలీతో మ్యూజియం మూతపడుతుంది. రైల్వే పట్నంలో బదిలీలు ఎక్కువ. రిజిస్టరుకు నకలు ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. డబ్బు కన్నా ముందు కావలసింది ఆదివారం ఉదయాలు. ఆ ఏడాది రిటైరయ్యేవారి ఇళ్లకు ఇద్దరిద్దరుగా, ఖాళీ చేసే నెలకు ముందే వెళ్లాలి. చేతిలో మెత్తని పెన్సిల్ ఒకటి ఉంటే మంచిది. సిరా ఫొటో వెనకనుంచి ముందుకు ఇంకుతుంది, పెన్సిల్ ఇంకదు. ఫొటో చూపించి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పేరూ అడగాలి. పేరు గుర్తు రాకపోతే ఊరి పేరయినా, షాపు నంబరయినా, పిలిచే ముద్దుపేరయినా అడిగి రాసుకోవాలి. ఇంట్లో అమ్మమ్మగారు ఉంటే ఆమెను మరీ అడగాలి. ఎవరు ఎవరి పెళ్లికి వచ్చారో ఆవిడకు గుర్తుంటుంది.