గోదావరి నీళ్లకూ అణు విద్యుత్తుకూ చుట్టరికం

మన బడిలో ఎవరైనా ‘అణుశక్తి’ అంటే సైన్స్ మాస్టారు ఊరుకునేవారు కాదు. అణువు వేరు, పరమాణువు వేరు, ఈ శక్తి పరమాణువు నడుమ ఉన్న కేంద్రకంలోంచి వస్తుంది, కాబట్టి ‘కేంద్రక శక్తి’ అనాలి అని సరిదిద్దేవారు. మార్కుల కోసం ఆ మాట గుర్తుపెట్టుకున్నాం. ఆ పాఠానికి మన గోదావరితోనూ, హైదరాబాదు మౌలాలితోనూ సంబంధం ఉందని తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

కథ 1938 డిసెంబరులో బెర్లిన్‌లో మొదలైంది. యురేనియంను న్యూట్రాన్లతో తాడనం చేసిన ఒటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మాన్‌లకు అందులో బేరియం కనబడింది. బేరియం పరమాణువు బరువు యురేనియం బరువులో సగానికి కాస్త ఎక్కువ. అదెలా వచ్చిందో అంతుబట్టక హాన్ ఒక ఉత్తరం రాశాడు. అది చేరింది తనతో ముప్పై ఏళ్లు పనిచేసిన లీస్ మైట్నర్‌కు. యూదు కుటుంబంలో పుట్టినందుకు ఆమె ఆ ఏడాది జులైలోనే జర్మనీ నుంచి తప్పించుకుని స్వీడన్ చేరింది. క్రిస్మస్ సెలవుల్లో అక్క కొడుకు ఒటో ఫ్రిష్‌తో మంచులో నడుస్తూ ఆమె లెక్క తేల్చింది. కేంద్రకం రెండు ముక్కలైంది, కొంత ద్రవ్యరాశి శక్తిగా మారింది. ఒక బొగ్గు పరమాణువు మండితే వచ్చే శక్తికి ఇది కొన్ని కోట్ల రెట్లు. నోబెల్ బహుమతి మాత్రం హాన్ ఒక్కడికే ఇచ్చారు.

కేంద్రకం చీలినప్పుడు రెండు మూడు న్యూట్రాన్లు కూడా బయటికి వస్తాయి. అవి వెళ్లి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఇదే శృంఖల చర్య. పగ్గం లేకపోతే బాంబు, పగ్గం వేస్తే పొయ్యి. 1942 డిసెంబరు 2న షికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం దాన్ని మొదటిసారి అదుపులో నడిపింది. 1945లో ప్రపంచం హిరోషిమా, నాగసాకిలను చూసింది. 1954లో సోవియట్ యూనియన్‌లోని ఒబ్నిన్స్క్‌లో ఈ వేడితో తీసిన కరెంటు తొలిసారి గ్రిడ్‌లోకి వెళ్లింది.

పొయ్యి అన్నది ఊరికే అన్న మాట కాదు. పాల్వంచలో బొగ్గు చేసే పనే ఇక్కడ యురేనియం చేస్తుంది. నీళ్లు మరుగుతాయి, ఆవిరి టర్బైను తిప్పుతుంది. చిక్కల్లా ఇంధనంతోనే. భూమిలో దొరికే యురేనియంలో సులువుగా చీలే యురేనియం-235 వెయ్యికి ఏడు పాళ్లే. న్యూట్రాన్ల వేగం తగ్గితేనే అది బాగా చీలుతుంది. ఆ వేగం తగ్గించేదే మనం చదివిన మితకారి. మామూలు నీరు వేగం తగ్గిస్తుంది గానీ కొన్ని న్యూట్రాన్లను తానే మింగేస్తుంది. అందువల్ల దానితో నడపాలంటే యురేనియం-235 పాలు పెంచిన ఇంధనం కావాలి. భారజలం న్యూట్రాన్లను మింగేది చాలా తక్కువ. దానితో సహజ యురేనియమే సరిపోతుంది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో ‘అప్సర’ రియాక్టర్ నడవడంతో మన దేశం ఈ దారిలో అడుగుపెట్టింది. 1969లో అమెరికా సాయంతో తారాపూర్ కేంద్రం వచ్చింది గానీ దాని ఇంధనం బయటి నుంచి రావాలి. హోమీ భాభా, ఆయన సహచరులు అందుకే సహజ యురేనియం, భారజలం దారిని ఎంచుకున్నారు. కెనడా సాయంతో రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో తొలి యూనిట్ 1973లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరగడంతో కెనడా సాయం ఆపేసింది. రెండో యూనిట్‌ను మనవాళ్లే పూర్తిచేసుకునేసరికి 1981 అయింది.

ఇక భారజలం సంగతి. అది ఏ నీటిలోనైనా కొద్దిగా ఉంటుంది. ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి బరువైనది, డ్యుటీరియం. దాన్ని ఏరి తీయడమే కష్టం. మణుగూరు దగ్గర అశ్వాపురంలో 1991లో మొదలైన కర్మాగారం పని అదే. అక్కడి ఎత్తైన గోపురాల్లో గోదావరి నీరు పైనుంచి దిగుతుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కిందినుంచి ఎక్కుతుంది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో కిప్ పరికరం దగ్గర ముక్కు మూసుకున్న వాళ్లకు ఆ కుళ్లిన కోడిగుడ్ల వాసన గుర్తుండే ఉంటుంది. చల్లగా ఉన్నచోట డ్యుటీరియం నీటిలోకి, వేడిగా ఉన్నచోట వాయువులోకి మొగ్గుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని పదేపదే జరిపి, చివరికి స్వేదనం చేసి భారజలం తీస్తారు. ఇందుకు కావలసిన ఆవిరి సింగరేణి బొగ్గుది. ఒకప్పుడు భారజలానికి విదేశాల వైపు చూసిన మన దేశం తర్వాత దక్షిణ కొరియాకు ఎగుమతి చేసింది.

మౌలాలి పాత్ర ఇంధనంలో ఉంది. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియంను చిన్న గుళికలుగా చేసి జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపుతారు. 220 మెగావాట్ల రియాక్టర్లకు అలాంటి 19 గొట్టాలు కలిపి మూరెడు పొడవు కట్ట కడతారు. ఇలాంటి కట్టలతోనే కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు వరకు 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

ఇంత చేసినా దేశ విద్యుత్తులో దీని వాటా మూడు శాతం చుట్టూనే ఉంది. ఇంధనం, భారజలం ఇస్తున్న తెలుగు నేల మీద అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. దానితోపాటు ఊరూ వేటా పోతాయన్న మత్స్యకారుల భయమూ ఉంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాయి, వేడి మాత్రం ఆగలేదు. విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కలు ఆ తర్వాత కూడా వేడినిస్తూనే ఉంటాయి. సునామీ అత్యవసర జనరేటర్లను ముంచేయడంతో చల్లార్చే దారి లేక ఇంధనం కరిగిపోయింది.

అణు విద్యుత్తు మంచిదా చెడ్డదా అని మనవలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేం. రియాక్టర్ ఆగాక దాన్ని ఎలా చల్లారుస్తారు, వాడిన ఇంధనాన్ని ఎక్కడ దాస్తారు, ఊరు వదిలినవాళ్లు ఎక్కడికి పోతారు అని అడగడం మాత్రం నేర్పగలం. అలా అడగాలంటే ముందు ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుందో సరిగ్గా తెలియాలి. మాస్టారు ఒక్క పేరు దగ్గర అంత పట్టుబట్టింది అందుకేనని ఇప్పుడు అనిపిస్తోంది.