పొడుం డబ్బా నుంచి పనిపీట దాకా

1761లో లండన్‌లో జాన్ హిల్ అనే వైద్యుడు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ముక్కుపొడుం మితిమీరి పీల్చేవాళ్లకు అదొక హెచ్చరిక. ఏళ్ల తరబడి పొడుం అలవాటున్న మనుషుల ముక్కులో కంతి లేచి, అది ముదిరి, ప్రాణం మీదికి తెచ్చిన ఉదంతాలను అందులో రాశాడు. పొగాకుకూ క్యాన్సరుకూ ముడిపెట్టిన తొలి వైద్య రచనల్లో దాన్ని ముందు వరసలో నిలబెడతారు. అప్పట్లో మాత్రం ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. హిల్‌కు తోటి పండితులతో తగవులు జాస్తి. పైగా సొంత మందులు అమ్ముకుంటాడన్న అపకీర్తి ఉంది. నిజం చెప్పేవాడికి నోటి మంచితనం కూడా ఉండాలి కాబోలు.

ఆ తర్వాతి శతాబ్దంలో ఆంగ్లేయ పొడుం ప్రియుల నోళ్లలో బాగా నానిన పేరు ఒకటుంది. అది మన బందరు పేరే. ‘మసూలీపటం’ అన్న పేరుతో ఒక రకం నశ్యం అక్కడి దుకాణాల్లో అమ్ముడుపోయేది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో బందరులో దిగింది కలంకారీ బట్టల కోసం. కాలం గడిచి ఓడల రాకపోకలు తగ్గాక కూడా పొడుం రూపంలో ఊరి పేరు సముద్రాలు దాటుతూనే ఉంది.

పొగాకు మన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చి ముందు దక్కనులో కాలు పెట్టింది. అక్బరు కొలువులో పనిచేసిన అసద్ బేగ్ 1604 ప్రాంతంలో బిజాపూరు నుంచి తిరిగి వెళ్తూ రత్నాలు పొదిగిన గొట్టంతో పాటు పొగాకును పాదుషాకు కానుకగా పట్టుకెళ్లాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగగానే ఆస్థాన హకీం వారించాడు. మన గ్రంథాల్లో ఈ ఆకు ఊసే లేదు, వద్దన్నాడు. కొడుకు జహంగీరు 1617లో ఏకంగా నిషేధించాడు. ఆ ఆజ్ఞను ఎంతమంది లక్ష్యపెట్టారో తర్వాత పెరిగిన పొగాకు తోటలే చెబుతాయి.

గోదావరి లంకల్లో మేట వేసిన ఒండ్రు నేల ఈ మొక్కకు అచ్చొచ్చింది. లంక చుట్ట ఎంత దూరం పోయిందంటే, 1890లో కోనన్ డాయల్ రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ తన బూడిద శాస్త్రం గురించి గొప్పలు చెప్పుకుంటూ హంతకుడు తాగింది లంక చుట్ట అని పట్టేయడాన్నే ఉదాహరణగా తీసుకుంటాడు. ఆ రెండేళ్ల తర్వాత విజయనగరంలో రంగస్థలమెక్కిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్ట కాల్చడాన్ని నాగరికత లక్షణంగా వెంకటేశానికి నూరిపోస్తాడు. గురజాడ నవ్వించడానికే రాశాడు. కానీ చుట్ట తాగడాన్ని దర్జాగా లెక్కించే కాలం అది.

ఈ దర్జాకు అయిన ఖర్చును మన గడ్డ మీద మొదట లెక్కగట్టింది విశాఖపట్నం వైద్యులు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అడ్డపొగ తాగే అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, బూడిద పని మీద రాలదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వలల దగ్గరా చాకిరేవు దగ్గరా పొద్దంతా కష్టపడే మనిషికి అది పనికొచ్చే పద్ధతే. అయితే ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగాకు వాడేవాళ్లలో బుగ్గకో నాలుకకో వచ్చే పుండు వీళ్లలో అంగిట్లో వస్తోందని డి.జె. రెడ్డి, వి.కె. రావు 1957లో వైద్య పత్రికలో ప్రకటించారు. ప్రపంచంలో మరెక్కడో అరుదుగా కనిపించే అంగిటి క్యాన్సరు కోస్తా ఆంధ్రలో ఇంత ఎక్కువగా ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు చుట్ట కొసలో దొరికింది.

తర్వాత డెన్మార్కు దంతవైద్య శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా బృందంతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు చూశాడు. 1971లో ఫలితాలు అచ్చయ్యాయి. చూసినవాళ్లలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. పొగాకు ముట్టనివాళ్ల అంగిళ్లు శుభ్రంగా ఉన్నాయి. అడ్డపొగ తాగేవాళ్ల అంగిళ్ల మీద తెల్లమచ్చలు, పుళ్లు, గుల్లలు. ఈ బృందం లెక్క తీసి ఊరుకోలేదు. శ్రీకాకుళంతో పాటు కేరళ, గుజరాత్‌ల్లోని రెండు జిల్లాలను కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడకందార్లను పట్టుకుని, ఏటేటా ఇంటికెళ్లి, ఎదురుగా కూర్చుని మానమని చెప్పారు. మానేసినవాళ్లలో, తగ్గించినవాళ్లలో నోటి మచ్చలు తగ్గుముఖం పట్టినట్టు 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మందూ మాకూ లేదు, కోతా కుట్టూ లేదు. ఈ దేశంలో జరిగిన పొగాకు పరిశోధనల్లో ఇంత సాదాసీదాగా, ఇంత గట్టిగా నిలబడ్డది మరొకటి కనిపించదు.

పొగ ఊపిరితిత్తులకు చేటన్నది అందరికీ తెలిసిన సంగతే. మన దగ్గర క్షయ విషయం మాత్రం మరుగున పడింది. చెన్నైలో, చుట్టుపక్కల జరిగిన పెద్ద అధ్యయనం ఆధారంగా 2003లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో మగవాళ్ల క్షయ మరణాల్లో దాదాపు సగానికి పొగ తాగడమే కారణం. 2008లో ప్రభాత్ ఝా బృందం 11 లక్షల ఇళ్ల సమాచారంతో మరో లెక్క వేసింది. బీడీ తాగే మగవాళ్లు సగటున ఆరేళ్లు, ఆడవాళ్లు ఎనిమిదేళ్లు, సిగరెట్టు తాగే మగవాళ్లు పదేళ్లు ఆయుష్షు కోల్పోతున్నారని తేల్చింది. బీడీ చిన్నది, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకు ఈ మాట నచ్చదు.

పొగలాగే ఒంటికి చేటు తెచ్చే మరో అలవాటు కూర్చోవడం. దీనికి కంపు లేదు, బూడిద లేదు, పక్కవాళ్ల దగ్గు లేదు. అందుకే దీన్ని అనుమానించడానికి చాలా కాలం పట్టింది. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే వృత్తిరోగాల మీద పెద్ద గ్రంథం రాస్తూ, దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు కూర్చుని కూర్చుని వంగిపోతున్నారని, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్లు కదిలించాలని చెప్పాడు. అంకెలతో నిలబెట్టడానికి మాత్రం మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది.

ఆ పని చేసినవాడు బ్రిటిష్ వైద్యుడు జెర్రీ మోరిస్. చూసింది లండన్ రెండంతస్తుల బస్సుల్ని. ఒకే బస్సు, ఒకే జీతాల వర్గం, ఒకే ఊరు. డ్రైవరు డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు 500కు పైగా మెట్లెక్కుతాడు. కండక్టర్ల కంటే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని, అదీ తీవ్రంగా వస్తోందని 1953లో ఆయన ప్రకటించాడు. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే లావుగా ఉండేవారేమోనని కొందరు మెలిక పెట్టారు. బస్సు సంస్థ సిబ్బందికి కుట్టించే ప్యాంట్ల కొలతలు మోరిస్ తెప్పించాడు. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. ఆ సంగతి తనే 1956లో దాచకుండా అచ్చేశాడు. నడుము కొలత ఎలా ఉన్నా కూర్చునేవాడికే ముప్పు ఎక్కువన్న మాట మాత్రం నిలిచింది. ఉత్తరాలు పంచే పోస్టుమన్లనూ, అదే శాఖలో కుర్చీకి అతుక్కున్న గుమాస్తాలనూ పోల్చినా అదే తేలింది.

బందరుకు కుర్చీ కొత్త కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆయన చదివింది వైద్యం, ఈ ఊళ్లోనే ప్రాక్టీసు చేశారు. చేతికి మట్టి అంటని నెల జీతం డెల్టా రైతుబిడ్డలకు ఎంత పెద్ద మెట్టో అప్పటివాళ్లనే అడగాలి. ఆ మెట్టెక్కడమంటే కుర్చీలో కుదురుకోవడమని అప్పుడెవరికీ తట్టలేదు. ఒక డాక్టరు పెట్టిన సంస్థలో తరాల తరబడి గుమాస్తాలు కూర్చునే ఉద్యోగం చేశారన్నది వింతే.

పొలం పనిచేసే పల్లెలకు ఈ గొడవ లేదన్న భ్రమను పక్క డెల్టా చెరిపేసింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,000 జనాభాలో, ఏడాది కాలంలో ఎవరు ఎందుకు చనిపోయారో ఇంటింటికీ వెళ్లి రాసుకున్నారు. మొత్తం 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాలు వాటికి చాలా వెనకబడ్డాయి. ఆ ప్రాంతపు పల్లెల్లో 30 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షిస్తే నూటికి 13 మందికి మధుమేహం. గుడివాడ, దివిసీమ వైపు పల్లెలు వీటికి భిన్నంగా ఉండే అవకాశం తక్కువ. నీళ్లూ పంటా తిండీ ఒకటే. నాట్లకూ కోతలకూ యంత్రాలు వచ్చాయి, సైకిలు పోయి మోటారుబండి వచ్చింది, వరిచేలు కొన్ని చేపల చెరువులయ్యాయి. అన్నం పళ్లెం మాత్రం కోతల రోజుల్లో ఎంత ఉండేదో ఇప్పుడూ అంతే.

బందరులోని చిలకలపూడి సంగతి వేరు. ఇక్కడ నాగలి దిగి కుర్చీ ఎక్కినవాళ్లు కాదు, మొదటి నుంచీ కూర్చుని పనిచేసినవాళ్లు ఉన్నారు. కంసాలి కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, దాగలి అన్నీ చేతికందే దూరంలో పెట్టుకుని వంగి పనిచేసే వృత్తి నుంచే ఇక్కడి రోల్డుగోల్డు నగల పరిశ్రమ పుట్టింది. రాగి, ఇత్తడి మీద పసిడి పూతతో మెరిసే ‘చిలకలపూడి బంగారం’ తెలుగు ఇళ్లన్నింటా తెలిసిందే. పని ఇల్లిల్లుగా పంచుకుంటారు. ఒకరు తీగ సాగదీస్తే మరొకరు గొలుసు అల్లుతారు, ఇంకొకరు అతుకు వేస్తారు, వేరేవాళ్లు రాళ్లు పొదుగుతారు. పోతేపల్లిలో ఈ నగల పరిశ్రమకు పార్కు వచ్చినా ఈ ఇంటి పని పోలేదు. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్లు పొడవాటి బల్లల వెంట నిలబడి, అటూ ఇటూ నడుస్తూ అచ్చులు గుద్దుతారు. వాళ్ల కాళ్ల బాధలు వాళ్లవి. కానీ వాళ్ల పిక్కలు పొద్దంతా కదులుతాయి.

కూర్చున్న మనిషి పిక్క కండరాలు పనిలేక పడుంటే రక్తంలోని చక్కెరనూ కొవ్వునూ ఖర్చు చేసే దారి మందగిస్తుంది. 2012లో ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం లావుపాటి మనుషులకు తీపి పానీయం ఇచ్చి కూర్చోబెట్టింది. 20 నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు నడిచిన రోజున వాళ్ల చక్కెర గణనీయంగా తగ్గింది. 2016లో పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్లకు అదనపు మరణ ముప్పు దాదాపు కనిపించలేదు.

ఇక్కడే ఓ ప్రచారాన్ని సరిదిద్దాలి. కూర్చోవడమే కొత్త పొగతాగుడు అని ఈమధ్య గోడల మీదా ఫోన్లలోనూ ఊదరగొడుతున్నారు. అది తప్పుడు తూకం. పొగ తాగేవాళ్లకు అకాల మరణ ముప్పు తాగనివాళ్ల కంటే రెట్టింపును దాటుతుంది. ఎక్కువసేపు కూర్చునేవాళ్లకు అది పాతిక శాతం లోపే పెరుగుతుంది. పైగా నడక ఈ నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. చుట్ట చేసే నష్టాన్ని ఏ నడకా పూడ్చదు. పొగ తాగుతూ రోజంతా పీట మీద ఉండే మనిషి ముందు వదలాల్సింది ఏదో దీన్నిబట్టే తెలుస్తుంది.

డన్‌స్టన్ లెక్కను చిలకలపూడి పీట దగ్గరికి తెస్తే మరో చిక్కు. పది గంటల పనిలో 20 నిమిషాలకోసారి రెండు నిమిషాలు లేస్తే మొత్తం గంటకు దగ్గర పడుతుంది. బ్యాంకు గుమాస్తా లేచి నడిస్తే జీతం తగ్గదు. ఇక్కడ కూలి నగకింత అని కట్టేది. లేచిన గంటలో అతకాల్సిన నగలు అతకబడవు, ఆ కూలి ఆ ఇంటిదే పోతుంది. గొలుసులు అల్లే ఆడవాళ్లకైతే వంటా నీళ్లూ పిల్లల కోసం లేవక తప్పదు గనక కొంత నడక దానంతటదే దొరుకుతుంది. షెడ్డులో అతుకు వేసే మగవాడికి లేవడానికి ఉన్న సాకు తరచూ ఒక్కటే, బయటికెళ్లి బీడీ వెలిగించడం.